బహదూర్ మాదే

పోయిన వారం తనూజను తహసీల్ ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆ పిల్ల వారమంతా అక్కడే ఉందనుకోకండి. ఫోన్‌లో వచ్చిన మెసేజ్ మళ్లీ మళ్లీ చదువుకుని, తల గోక్కుని, చివరికి అమల మేడంకు ఫోన్ చేసింది. ఆదాయ సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదట. విచారణలో కుటుంబం కలిగినదని తేలిందట. శాలిబండ గల్లీలో బర్రెల పాలు అమ్ముకుని బతికే రామ్‌చందర్ కలిగినవాడని తేలిందంటే విన్నవాళ్లు ఎవరైనా నవ్వుతారు. ఆయన కూతురికి మాత్రం ఆ సాయంత్రం నవ్వు రాలేదు.

ఆ సర్టిఫికెట్ లేకపోతే స్కాలర్‌షిప్ దరఖాస్తు కదలదు. అది కదలకపోతే బి.ఫార్మసీ రెండో సంవత్సరం ఫీజు ప్రభుత్వం కట్టదు. ప్రభుత్వం కట్టకపోతే రామ్‌చందర్ కట్టలేడు. గడువు శనివారంతో సరి. ఇదీ తనూజ మెడ మీద ఉన్న కత్తి.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ల కోసం ఇంకొక్క మాట. అమల తనూజ కాలేజీలో లెక్చరర్. ఆదివారం వస్తే మొఘల్‌పురాలో ఒక కమ్యూనిటీ హాల్లో టేబుల్ వేసుకుని కూర్చుంటుంది. చుట్టుపక్కల బస్తీల పిల్లలు సంచుల నిండా కాగితాలు పట్టుకుని అక్కడికి వస్తారు. ఏ కాగితం కావాలో, ఏది అక్కర్లేదో, ఏ ఆఫీసులో ఏ కిటికీ దగ్గర నిలబడాలో చెప్పి, కూర్చోబెట్టి దరఖాస్తు నింపించి పంపుతుంది. ఆమె పక్కన కూర్చుని ఆ పని చేసేది మన తనూజే. "ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి, ఎక్కువ చెప్పొద్దు, తక్కువ చెప్పొద్దు" అని వచ్చిన ప్రతి తల్లికీ తండ్రికీ పాఠం చెప్పేది ఆమే. ఊళ్లో అందరి దరఖాస్తులూ గట్టెక్కాయి. పాఠం చెప్పిన పిల్లదే వెనక్కి వచ్చింది.

మర్నాడు పొద్దున ఇద్దరూ తహసీల్ ఆఫీసులో అమరనాథ్ ముందు నిలబడ్డారు. అమరనాథ్ రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, బస్తీవాళ్ల మాటలో గిర్దావర్. ఇలాంటి కథల్లో ఆఫీసరు అనగానే టేబుల్ కింద చెయ్యి చాపేవాడు రావాలని చదివేవాళ్లు ఎదురుచూస్తారు. నాకూ మొదట్లో ఆ ఆశ ఉండేది. ఏం చేస్తాం, ఈయన మంచివాడు. ఎండలో తిరిగి తిరిగి నల్లబడ్డ మనిషి, కుర్చీలో కూర్చుని ఇష్టమొచ్చింది రాసే రకం కాదు. వచ్చిన గొడవంతా అందువల్లే వచ్చింది.

"మేడం, నేను ఇక్కడ కూర్చోని రాయలేదు. వాళ్ల ఇంటికి పోయిన. నా కండ్లతోని చూసిన" అన్నాడు.

"ఏం చూశారు సార్?" అంది అమల.

"దున్నపోతును చూసిన."

తనూజకు ఒక్కసారిగా నవ్వు వచ్చేసింది. అమరనాథ్ ముఖం చూసి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"నవ్వే మాట కాదమ్మా. మీ కొట్టంల ఏనుగంత దున్నపోతు కట్టేసి ఉన్నది. ఒంటికి నూనె రుద్దిన్రు, నిగనిగ మెరుస్తున్నది. కాళ్లకు గజ్జెలు, మెడల పూసల దండలు. ఒకాయన పక్కన నిలబడి దానికి ఆపిల్ పండ్లు తినబెడుతున్నడు. నేను నా పిల్లలకు గూడ అన్ని ఆపిల్ పండ్లు తినబెట్టలే. ఎవరిదమ్మా ఇది అని అడిగిన. మాదే అన్నది మీ ఇంటి పెద్దామె. బహదూర్ దీని పేరు, హర్యానా నుంచి తెప్పించినం, కార్లేసుకొని వచ్చి బేరమడిగిన్రు, మేమే ఇయ్యలే అన్నది. ఇగ నన్నేం రాయమంటరు మీరు?"

తనూజ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పెద్దామె అంటే నానమ్మ. బుచ్చమ్మ.

దీపావళి అయ్యాక యాదవులు చేసుకునే సదర్ పండుగ గురించి హైదరాబాద్‌వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. దున్నరాజులను ముస్తాబు చేసి, తీన్‌మార్ మోగిస్తూ ఊరేగించి, వెనక కాళ్ల మీద లేపి నిలబెట్టి జనాన్ని కేరింతలు కొట్టిస్తారు. తనూజ వాళ్ల గల్లీలో ఏటా ఒక ఇంటివాళ్లు దున్నను కట్టుకుంటారు. ఈ ఏడు ఆ వంతు రామ్‌చందర్‌ది. దున్న ఆయనది కాదు, బావమరిది ఎల్లేష్‌ది. ఊరి బయట పెద్ద డెయిరీ ఉన్నవాడు ఎల్లేష్. అయితే ఆ గల్లీలో ఒక పట్టింపు ఉంది. సదర్‌కు ఏ కొట్టంలో కడితే, కట్టు విప్పేదాకా దున్న ఆ ఇంటిదే. ఎవరిదని అడిగితే మాదే అనాలి. పరాయివాళ్లదని నోరు జారడం, కిరాయి షేర్వానీ వేసుకున్న పెళ్లికొడుకును బరాత్ మధ్యలో ఆపి అద్దె ఎంత అని అడగడం లాంటిది. బుచ్చమ్మ ఆ గల్లీకి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆ మాట తప్పలేదు. అమరనాథ్ విచారణకు వెళ్లింది ఊరేగింపు మర్నాడు. బహదూర్ ఇంకా కొట్టంలోనే ఉన్నాడు.

తనూజ ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అమరనాథ్ ఓపికగా విన్నాడు. విని, "బాగనే ఉన్నదమ్మా. కానీ నేను ఇదంతా రిపోర్టుల రాస్తే మా పైవాళ్లు నన్ను చూసి నవ్వుతరు" అన్నాడు.

అప్పుడు అమలకు కోపం వచ్చింది. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"సార్, ఒక్క విషయం చూడండి. వీళ్ల రేషన్ కార్డు ఇచ్చింది ప్రభుత్వం. కులం సర్టిఫికెట్ మీ ఆఫీసే ఇచ్చింది. ఇంటర్ మార్కులు బోర్డు దగ్గరే ఉన్నాయి. కాలేజీలో చేరిన సంగతి యూనివర్సిటీకి తెలుసు. అన్నీ మీ దగ్గర ఉన్నవే ఈ పిల్లలు మళ్లీ మీ దగ్గరికి మోసుకొస్తున్నారు. తండ్రి కూలి మానుకుని ఒక రోజు, తల్లి పని మానుకుని ఒక రోజు. వేలిముద్ర పడలేదని ఒకసారి, పేరులో అక్షరం తేడా అని ఒకసారి. చదవలేక ఆగిపోతున్నవాళ్ల కన్నా తిరగలేక ఆగిపోతున్నవాళ్లే ఎక్కువ. నేను పై ఆఫీసుకు రాసి పెట్టింది అదే. ఒక్క పేజీ దరఖాస్తు, కింద ఒక్క సంతకం. పిల్ల చెప్పిన మాట నమ్మండి. అబద్ధమని తేలితే అప్పుడు అడగండి."

"నమ్మిన గదా మేడం" అన్నాడు అమరనాథ్ నెమ్మదిగా. "ఇంట్లవాళ్లు నోటితోని చెప్పిన మాటనే నమ్మిన. ఇంకో సాక్ష్యం అడగలే. నమ్మితే ఏమైందో మీరే చూస్తున్నరు."

అమల కిటికీలోంచి బయట ఆగిన షేర్ ఆటోల వైపు చూసి, "ఆ దున్నపోతు వీళ్లది కాదు సార్. నాది హామీ" అంది.

"మీరు వాళ్ల కొట్టం చూసిన్రా?"

"లేదు. ఈ పిల్లను చూశాను."

అమరనాథ్ తనూజ వైపు ఒకసారి, అమల వైపు ఒకసారి చూశాడు. ముఖం కొంచెం మెత్తబడింది. "సరే. రేపు పొద్దున అసలు ఓనర్‌ను తీసుకొచ్చి నా ముందట చెప్పియ్యిండ్రి. ఎల్లేష్ అన్నరు గదా, ఆయననే. నేను మళ్ల రిపోర్టు రాస్త. మీ ఒక్క పేజీ సంగతి గూడ మా తహసీల్దార్ మేడం చెవిల వేస్త" అన్నాడు.

తిరుగు బస్సులో తనూజ మనసులోనే నానమ్మతో పెద్ద లొల్లే పెట్టుకుంది. ఏమని తిట్టాలో, ఎక్కడ మొదలుపెట్టాలో అన్నీ సర్దుకుంది. శాలిబండలో దిగేసరికి మాటలు నోటి చివరికి వచ్చి ఉన్నాయి.

ఇంటికి వెళ్లేసరికి సాయంత్రం పాలు పిండే వేళ అయింది. కొట్టంలో రామ్‌చందర్ ఒక బర్రె కింద కూర్చుని పిండుతున్నాడు. తల్లి స్వరూప పాల క్యాన్లు కడుగుతోంది. ఒకప్పుడు ఆ వేళకు కొట్టంలో అడుగు పెట్టే సందు ఉండేది కాదు. దసరా ముందు మూడు బర్రెలు వట్టిపోయాయని, ఈనేదాకా మేపమని ఊరికి పంపించానని రామ్‌చందర్ చెప్పాడు. పట్నంలో గడ్డి కొని వట్టి బర్రెను మేపేంత స్తోమత పాలవాళ్లకు ఉండదు, అందరూ అలాగే పంపుతారు. ఆ మూడు గుంజలూ ఖాళీగా ఉన్నాయి. నాలుగో గుంజకు బహదూర్‌ను కట్టిన లావు గొలుసు ఇంకా వేలాడుతోంది. బుచ్చమ్మ దాని పక్కనే పీట వేసుకుని కుడితిలో పిండి కలుపుతోంది.

"నానమ్మా, గిర్దావర్ సారు వచ్చినప్పుడు నువ్వేం చెప్పినవ్?" అంది తనూజ. సర్దుకున్న మాటల్లో ఇది లేదు.

"సంచి యేసుకొని అచ్చిండు, గాయనా? మంచిగ మాట్లాడిండు బిడ్డా. చాయ్ గూడ పోసిన. మలాయి ఏసి ఇచ్చిన."

"బహదూర్ మనదని చెప్పినవా?"

"చెప్పిన. కట్టు ఇప్పలే గదా అప్పటికి. మాది గాదని ఎట్లంట?"

"ఆయన సదర్ చూడనీకి రాలే నానమ్మా! నా కాలేజీ కోసం వచ్చిండు. మన దగ్గర పైసల్ ఉన్నయా లేవా చూడనీకి వచ్చిండు. మనం గరీబోళ్లమని రాసుకొని పోనీకి వచ్చిండు!"

"గది నాకెర్కనే" అంది బుచ్చమ్మ.

తనూజ ఇంకో అడుగు ముందుకు వేసింది. "ఎర్కనా? ఎర్కుండి గట్ల చెప్పినవా?"

బుచ్చమ్మ చెయ్యి కుడితిలోంచి తీసి కొంగుకు తుడుచుకుంది. మనవరాలి ముఖంలోకి కొంచెం భయంగా, కొంచెం వింతగా చూసింది.

"నువ్వే గదనే గట్ల మాట్లాడమన్నవ్" అంది.

ఈ కథ మొదటి వారాల్లో చదివిన ఒక సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. గుర్తు లేకపోయినా ఫరవాలేదు, తనూజ కూడా మర్చిపోయింది. పోయిన ఏడు ఇదే సర్టిఫికెట్ కోసం నానమ్మా మనవరాలూ ఆఫీసుకు వెళ్లారు. కిటికీ దగ్గర ఉన్న మనిషి రేపు రమ్మన్నాడు. బుచ్చమ్మ అప్పటికే చాలాసార్లు ఆ మాట విని ఉంది. గబుక్కున వంగి, "మేము గరీబోళ్లం అయ్యా, నీ కాల్మొక్కుత" అంటూ ఆయన చెప్పుల దగ్గర చెయ్యి పెట్టేసింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. వరసలో ఉన్నవాళ్లంతా చూశారు. ఆ వరసలో తనూజ క్లాసు అబ్బాయి అనురాగ్ కూడా ఉన్నాడు.

బస్‌స్టాప్ దాకా తనూజ నానమ్మకు ముందు, వేరేవాళ్ల పిల్లలా నడిచింది. అక్కడికి వెళ్లాక వెనక్కి తిరిగి అంది. ఇంకోసారి ఆఫీసోళ్ల ముందర గరీబోళ్లమని ఏడిస్తే చదువే బంద్ చేస్తానంది. ఇజ్జత్‌తో మాట్లాడటం నేర్చుకోమంది. మనకేం తక్కువ అని అడిగింది. పందొమ్మిదేళ్ల పిల్ల కోపం అది, బస్సు ఎక్కేలోపు చల్లారిపోయింది. చల్లారిన కోపాన్ని అన్నవాళ్లు మరిచిపోతారు. పడ్డవాళ్లకు గుర్తుంటుంది.

"గప్పటిసంది మనసుల పెట్టుకున్న బిడ్డా" అంటోంది బుచ్చమ్మ. "గా సారు ఎట్ల బతుకుతున్నరవ్వా అని అడిగిండు. కండ్లల్ల నీళ్లు అచ్చినయ్. మీ తాత పోయినకాడి సంది పడ్డయన్నీ చెప్పాల్ననిపించింది. చెప్పలే. ఆపుకున్న. మాకేం తక్కువ సారూ అన్న. నా పిల్ల ఇజ్జత్ తియ్యొద్దని మంచి చీర గూడ కట్టుకొని కూసున్న. మంచిగ మాట్లాడిన అనుకున్న తనూజా. నువ్వు కాలేజీ నుంచి వచ్చినంక చెప్దామనుకున్న, నువ్వు ఖుష్ అయితవని. మళ్ల నువ్వు పుస్తకాల్ల పడితివి, మరిచిపోయిన."

తనూజ నోటి చివరికి తెచ్చుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. ప్రతి ఆదివారం ముక్కూ మొహం తెలియని తల్లులను పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మా సిగ్గుపడకున్రి, లేనిది లేదని చెప్పడంలో తప్పు లేదు అని ఎంత నెమ్మదిగా చెప్పేది! వాళ్లు ఏడిస్తే మంచినీళ్లు ఇచ్చేది. ఆ మాటల్లో ఒక్కటీ ఇంట్లో ఉన్న ఈ ముసలామెకు ఎందుకు చెప్పలేదు? ఆ హాల్లో టేబుల్ దగ్గరికి ఎన్నడూ ఎందుకు తీసుకుపోలేదు? తీసుకుపోతే అక్కడ కూడా ఎవరి కాళ్ల మీదైనా పడుతుందని భయపడింది, అంతే. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకోక తప్పలేదు. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అలాగే నేల మీద కూర్చుంది. పేడ, కుడితి, ఏమీ చూసుకోలేదు. నానమ్మ ఒళ్లో తల పెట్టి ఏడ్చింది.

"ఏడ్వకే. రేపు నేనే అస్త నీ ఎంబడి" అంది బుచ్చమ్మ ఆమె జుట్టు సవరిస్తూ. "అబద్ధం చెప్పిన సారూ, దున్న మాది గాదు, మా కోడలి తోడబుట్టినోనిది అని చెప్త. గరీబోళ్లమని గూడ అంట. నువ్వు ఒప్పుకుంటెనే అంట."

"అను నానమ్మా" అంది తనూజ వెక్కుతూ. "ఎంతసేపన్నా అను. నేను నీ పక్కనే నిలబడుత."

కథ ఇక్కడితో ఆపేస్తే అందరూ కళ్లు తుడుచుకుని హాయిగా పత్రిక మూసేయవచ్చు. నాకూ ఆపేయాలనే ఉంది.

తనూజ లేచి ముఖం కడుక్కుంది. ఏడ్చాక మనసు తేలికపడింది. ఇక మిగిలింది చిన్న పని. "బాపూ, ఎల్లేష్ మామకు ఫోన్ చెయ్యవా? రేపు పొద్దున ఆఫీసుకు వచ్చి బహదూర్ నాది అని ఒక్క మాట చెప్తే చాలట. అయిపోతది."

రామ్‌చందర్ బర్రె కిందనే ఉన్నాడు. ఇంతసేపూ వెనక వినబడుతున్న పాలధార చప్పుడు ఆగిపోయింది.

"బాపూ?"

"చేస్త తియ్" అన్నాడు. లేవలేదు.

"ఇప్పుడే చెయ్యి బాపూ. రేపు పొద్దున్నే పోవాలె. నా ఫోన్‌ల కలపాల్నా?"

"చేస్త అన్న గదా!" అని కసిరాడు. కూతురిని ఆయన కసిరిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బర్రె కూడా ఉలిక్కిపడి పక్కకు జరిగింది. స్వరూప క్యాన్ కడగడం ఆపి మొగుడి వైపు చూసింది.

"ఏందిగ? మా అన్న వద్దంటడా? వానికి ఆమాత్రం మేనగోడలి మీద ప్రేమ లేదనుకున్నవా?"

"వద్దనడు. చెప్పమంటే చెప్తడు."

"మరేంది?"

రామ్‌చందర్ పాల బకెట్ పక్కన పెట్టి లేచాడు. లావు గొలుసు వేలాడుతున్న గుంజ దగ్గరికి వచ్చి, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. తల్లి వైపు చూశాడు, కూతురి వైపు చూడలేకపోయాడు.

"నువ్వు అబద్ధం చెప్పలే అమ్మా" అన్నాడు.

బుచ్చమ్మకు అర్థం కాలేదు. స్వరూపకే ముందు అర్థమైంది. ఆమె కళ్లు ఖాళీగా ఉన్న మూడు గుంజల మీదికి పోయాయి.

"బర్రెలు ఊరికి పోయినయ్ అన్నవ్" అంది. "వట్టిపోయినయ్, మేపనీకి పంపిన అన్నవ్."

"అమ్మిన."

రామ్‌చందర్ ఒక్కో మాట కూడదీసుకుని చెప్పాడు. ఆ డబ్బుకు ఎల్లేష్ బహదూర్‌లో సగం పట్టీ, అంటే సగం వాటా, ఇస్తానన్నాడు. దాని బీజానికి మస్తు గిరాకీ ఉందని, పోటీల్లో గెలుస్తుందని, ఏడాది తిరిగేసరికి మూడు బర్రెలకు ఆరు బర్రెలు వస్తాయని అన్నాడు. ఇప్పటిదాకా ఏమీ రాలేదు. దాని మేత ఖర్చులో సగం మాత్రం నెలనెలా పోతోంది.

"పైసల కోసం అని చెప్తున్న గని, అది గాదు" అన్నాడు రామ్‌చందర్. "మా బాపు బతికినన్ని దినాలు సదర్ల పరాయోళ్ల దున్నలనే పట్టుకొని నడిచిండు. మాదే, మాదే అనుకుంట. రాత్రికి వాళ్లొచ్చి ఇప్పుకొని పోయేటోళ్లు. గప్పుడు నేను చిన్నోణ్ణి, గీ గుంజ కాడ కూసొని ఏడుస్తుంటి. ఒక్కసారన్నా మాదే అన్న మాట నిజమైతే మంచిగుంటదని అనిపించింది. బిడ్డ ఫీజు సర్కార్ కడ్తది గదా, ఫికర్ లేదనుకున్న."

ఆయన గొలుసు వదిలేశాడు. అది గుంజకు కొట్టుకుని మోగింది.

"నువ్వేం పరేషాన్ గాకు తనూజా. సగం పట్టీ సంగతి నాకు, ఎల్లేష్‌కు తప్ప ఎవరికీ ఎర్క లేదు. ఎక్కడ రాసుకోలే. నోటిమాటే. రేపు ఎల్లేష్ వస్తడు, మొత్తం నాదే అంటడు. ఎవరేం అడుగుతరు?"

తనూజ తండ్రి ముఖం వైపు చూసింది. కోపం రావాలి, రాలేదు. ఎన్నడూ తనదనుకోవడానికి ఏదీ లేని మనిషి ఒక్కసారి ఒకదాన్ని తనదనుకున్నాడు. అదే తన చదువుకు అడ్డం పడింది. దున్నపోతు వల్ల ఇంట్లోకి వచ్చిందేమీ లేదని, ఉన్న పాలు కూడా సగానికి పడిపోయాయని ఆమెకు తెలుసు. పోయిన ఏటికన్నా ఇల్లు ఇప్పుడే ఎక్కువ గరీబుగా ఉంది. కానీ సగం బహదూర్ మాదే అంటే అమరనాథ్ అయినా, ఆయన పైవాళ్లయినా గరీబోళ్లమని ఎందుకు నమ్మాలి? కాదంటే తన నోటితో తనే అబద్ధం ఆడినట్టు. ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి అన్న నోరు అది.

మామ వచ్చి చెప్పి వెళ్లిపోతే తను ఒక మూల తలవంచుకుని నిలబడవచ్చు. అబద్ధం తనది కాదు, మామది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడింది, అయినా దాన్ని వదలలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. అమల మేడం.

"తనూజా! కూర్చున్నావా, నిలబడ్డావా? కూర్చో ముందు" అంటోంది అమల. ఆమె గొంతులో అంత సంతోషం తనూజ ఎప్పుడూ వినలేదు. "అమరనాథ్ గారు నిజంగానే వెళ్లి వాళ్ల మేడంతో మాట్లాడారు. ఆమె మన ఒక్క పేజీ కాగితం చదివిందట. చదివి ఏమందో తెలుసా? సరే, ఈ ఒక్క దరఖాస్తును ఆ పద్ధతిలోనే చూద్దాం అంది. సాక్షులు వద్దు, విచారణ వద్దు. ఇది నిలబడితే మన మొఘల్‌పురా పిల్లల కాగితాలన్నీ ఇలాగే తీసుకునేలా పైకి తనే రాస్తానంది. ఇక ఎవరూ కూలి మానుకుని తిరగక్కర్లేదు. వింటున్నావా?"

"వింటున్న మేడం."

"మీ మామ రానక్కర్లేదు. ఎవరూ రానక్కర్లేదు. రేపు పొద్దున నువ్వొక్కదానివే వచ్చి, ఆ దున్నపోతు మాది కాదు అని నీ నోటితో చెప్పి సంతకం పెట్టు, చాలు. ఆమె అడిగింది, ఆ పిల్ల మాట నమ్మొచ్చా అని. నా మాట కన్నా నమ్మొచ్చు అన్నాను."

పీట మీద నుంచి బుచ్చమ్మ ఆత్రంగా తల ఎత్తింది. రేపు కట్టుకోవాల్సిన చీర గురించి అప్పుడే ఆలోచిస్తున్నట్టుంది.

"ఏమంటుంది బిడ్డా మేడం? నన్ను రమ్మంటుందా?"

తనూజ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది.

"నిన్ను గాదు నానమ్మా" అంది. "నన్నే రమ్మంటుంది."